ప్రోగ్రామింగ్ నేర్పే గేమ్ అమ్మాయిలదీ అబ్బాయిలదీ కావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోగ్రామింగ్ నేర్పే గేమ్స్ తయారుచేసేవాళ్లు, వాటిని తరగతిలో వాడే టీచర్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. ఒకరికి చెప్పిన జవాబే ఇంకొకరికి మళ్లీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట చేర్చాను. పని సాగే దశల ప్రకారం విడదీశాను. దేనికది విడిగా చదువుకోవచ్చు, మీకు అడ్డుపడిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

కోడ్‌కి ఆడా మగా తేడా లేదు కదా, గేమ్‌కి మాత్రం ఎందుకు?

కోడ్‌కి లేదు, నిజమే. దాని చుట్టూ మనం కట్టే ప్రపంచానికి ఉంది. 1945-46లో ఎనియాక్ కంప్యూటర్‌ను ప్రోగ్రామ్ చేసింది ఆరుగురు మహిళలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అందుకున్నవాళ్లలో మహిళల వాటా 1984 ప్రాంతంలో 37 శాతం దాకా పెరిగి, 2010 నాటికి 18 శాతం దగ్గరకు పడిపోయింది. పాతికేళ్లలో మనుషుల మెదళ్లు మారిపోవు, మారింది వాతావరణం. ఇళ్లలోకి వచ్చిన తొలి కంప్యూటర్లనీ వాటిమీద ఆడే గేమ్స్‌నీ అబ్బాయిల వస్తువులుగా అమ్మడం అందులో ఒక ముఖ్య కారణమని పరిశోధకులు చెబుతారు. చిన్నప్పుడే చేయి తిరిగినవాళ్లు తరగతిలో ముందు కూర్చున్నారు. అప్పుడే మొదలుపెట్టినవాళ్లు "ఇది నాకు రాదేమో" అనుకుని లేచి వెళ్లిపోయారు. తలుపు మూయడంలో గేమ్స్‌కీ చెయ్యి ఉంది. తెరవడంలోనూ ఉండాలి.

అయితే అమ్మాయిల కోసం విడిగా ఒక గేమ్ చేయాలా?

ఈ దారి ఇదివరకే తొక్కారు. 1996లో వచ్చిన బార్బీ ఫ్యాషన్ డిజైనర్ విపరీతంగా అమ్ముడుపోయి, అమ్మాయిలు గేమ్స్ కొనరన్న అపోహను పోగొట్టింది. అదే ఏడాది గేమ్ డిజైనర్ బ్రెండా లారెల్ మొదలుపెట్టిన పర్పుల్ మూన్ సంస్థ, అమ్మాయిలతో మాట్లాడి, వాళ్ల స్నేహాల చుట్టూ గేమ్స్ అల్లింది. 1999లో మూతపడింది. రెండూ నిజాయితీగల ప్రయత్నాలే. అయితే ప్రోగ్రామింగ్ నేర్పేచోట నేను విడి గేమ్‌ను సిఫారసు చేయను. "ఇది మీది" అని ఒకటి పక్కన పెట్టగానే "మిగతావి మీవి కావు" అన్న మాట కూడా వినిపిస్తుంది. పైగా పెద్దయ్యాక రాయాల్సిన కోడ్ అందరిదీ ఒకటే. ఒకే గేమ్‌కి నాలుగు గుమ్మాలు పెట్టండి, లోపలికి వచ్చాక పాఠం ఒకటే ఉంటుంది. అమ్మాయిలకే నడిపే శిబిరాలు, క్లబ్బుల సంగతి వేరు. అక్కడ విడి స్థలం ధైర్యాన్నిస్తుంది, వాటిని నేను కాదనను.

"అబ్బాయిలకు పోటీ, అమ్మాయిలకు కథ" అంటారు. నిజమేనా?

సగటు లెక్కల్లో కొన్ని తేడాలు కనబడతాయి. కానీ సగటుతో గేమ్ ఆడేవాళ్లెవరూ లేరు. పోటీ అంటే ప్రాణమిచ్చే అమ్మాయిలున్నారు, కథలో మునిగిపోయే అబ్బాయిలున్నారు. పరిశోధకురాలు యాస్మిన్ కఫాయ్ 1990లలో పిల్లలచేతే గేమ్స్ తయారుచేయించారు. భిన్నాలు నేర్పే గేమ్ చేయమంటే అమ్మాయిలవీ అబ్బాయిలవీ బాగా తేడాగా వచ్చాయి. ఖగోళశాస్త్రం గేమ్ చేయమన్నప్పుడు ఆ తేడాలు చాలావరకు తగ్గిపోయాయి. అంటే మనం పుట్టుకతో వచ్చిందనుకునే ఇష్టం, ఇచ్చిన పనిని బట్టి కూడా మారుతోందన్నమాట. కాబట్టి "అమ్మాయిలకు ఏం నచ్చుతుంది?" అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. "నా గేమ్ ఎలాంటి పిల్లల్ని మాత్రమే ఊహించుకుని కట్టాను?" అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబులతో పని చేయవచ్చు.

మా టీమ్‌లో అందరం మగవాళ్లమే. మేం చేయగలమా?

చేయగలరు. అయితే మీకు సహజంగా తోచే ప్రతిదీ అనుమానించాల్సి వస్తుంది. మొదటి బొమ్మ గీసిన రోజు నుంచే బయటివాళ్లకు చూపించండి, గేమ్ పూర్తయ్యాక అభిప్రాయం అడిగితే మార్చే ఓపిక ఎవరికీ మిగలదు. టీమ్‌లోకి ఒక మహిళ వస్తే ఆమెను "అమ్మాయిల తరఫు ప్రతినిధి"ని చేయకండి. ఆమె ప్రోగ్రామరైతే ప్రోగ్రామర్‌గానే పనిచేయనివ్వండి. సగం ప్రపంచం తరఫున జవాబు చెప్పే భారం ఒక్కరిమీద వేయడం అన్యాయం.

## కథ, పాత్రలు, రంగులు

ఒక ఆడ పాత్ర పెట్టాం. చాలదా?

ఆ పాత్ర ఏం చేస్తోందో చూడాలి. మీ గేమ్ స్క్రిప్టు తీసుకుని ప్రతి సన్నివేశం పక్కన రాయండి: సమస్యను కనిపెట్టింది ఎవరు, బగ్ (కోడ్‌లోని తప్పు) సరిచేసింది ఎవరు, మెచ్చుకుంది ఎవరు, ఆపదలో చిక్కుకుని ఎదురుచూసింది ఎవరు. చాలా గేమ్స్‌లో ఆడ పాత్ర దారి చూపిస్తుంది, ప్రోత్సహిస్తుంది, ఓదారుస్తుంది. కీబోర్డు మాత్రం ముట్టుకోదు. పిల్లలకు ఆ పాఠం ఎవరూ చెప్పక్కర్లేకుండానే అందుతుంది. ఇంకో పొరపాటు కూడా తరచుగా చూస్తుంటాను: ఆడ పాత్రను ఎప్పుడూ తప్పుచేయని మేధావిని చేయడం. చూసే పిల్లకు ఆమె అందనంత దూరంలో కనబడుతుంది. ఆమె కూడా లూప్‌ను (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే ఆజ్ఞను) ఒకసారి ఎక్కువ తిప్పేసి, మొక్కలన్నీ నీళ్లలో ముంచేసి, "అరె, ఒకటి తగ్గించాల్సింది" అనుకుని మార్చుకోవాలి. అప్పుడే "నేనూ చేయగలను" అనిపిస్తుంది.

అవతార్ ఎంచుకునే తెరలో ఏమేం ఉండాలి?

"నువ్వు అమ్మాయివా, అబ్బాయివా?" అన్న ప్రశ్నతో ఆట మొదలుపెట్టకండి. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు మొట్టమొదట తన లింగాన్ని గుర్తుచేయాల్సిన అవసరమేముంది? జుట్టు, బట్టలు, రంగు, గొంతు దేనికది విడిగా ఎంచుకోనివ్వండి. పొట్టి జుట్టుకూ గౌనుకూ మధ్య తాళం వేయకండి. ఆడా మగా అన్న రెండు పెట్టెల్లో ఇమడని పిల్లలు కూడా దీంతో ఇబ్బంది లేకుండా ఆడుకుంటారు, వాళ్లకోసం ప్రత్యేకంగా బోర్డు పెట్టక్కర్లేదు. ముందుగా ఎంచి ఉంచే అవతార్ ప్రతిసారీ ఒకటే కాకుండా మారుతూ ఉండాలి. పిల్లల్లో చాలామంది దాన్ని మార్చకుండానే ముందుకు వెళ్లిపోతారు.

మనుషుల్ని తీసేసి జంతువునో రోబోనో పెడితే తలనొప్పి పోతుందా?

కొంత పోతుంది. 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సోలొమన్, వాలీ ఫోయర్‌జైగ్ రూపొందించిన లోగో అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషకు తర్వాత, ఆజ్ఞలిస్తే కదిలే తాబేలు తోడైంది. ఇన్ని దశాబ్దాలైనా దానికి వయసు మీదపడకపోవడానికి ఒక కారణం, ఆ తాబేలు ఎవరిదైనా కావచ్చు. "నేనే తాబేలునైతే ఎటు తిరగాలి?" అని పిల్లలు తమ ఒంటితో ఆలోచిస్తారు. కానీ రోబోకి మగ గొంతు పెట్టి, చదరపు భుజాలు గీసి, కనురెప్పల వెంట్రుకలున్న గులాబీ రోబోను దానికి స్నేహితురాలిని చేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. కనురెప్పల వెంట్రుకలు లేనిది "మామూలు" రోబో, ఉన్నది "ఆడ" రోబో అన్న లెక్క ఆ బొమ్మతోనే పిల్లల్లోకి వెళుతుంది.

గులాబీ రంగు వాడొచ్చా, లేదా?

వాడండి. నీలం, ఆకుపచ్చ, పసుపు ఎలా వాడతారో అలాగే. గులాబీ రంగును నిషేధిస్తే అమ్మాయిలకు ఇష్టమైనవన్నీ తక్కువరకం అని చెప్పినట్టవుతుంది. రంగును బట్టి లెవెల్ కష్టమో సులువో నిర్ణయించకండి, అంతే.

ఏ కథాంశం తీసుకుంటే అందరికీ నప్పుతుంది?

అందరికీ నప్పే ఒక్క కథ లేదు. ఒకే లూప్ పాఠాన్ని మూడు ప్రపంచాల్లో పెట్టడం సాధ్యమే: నృత్యంలో మళ్లీమళ్లీ వచ్చే అడుగులు, తోటలో వరసగా మొక్కలకు నీళ్లు, అంతరిక్ష నౌక తిరిగే కక్ష్య. కోడ్ అదే, బొమ్మలు వేరు. మూడు ప్రపంచాలు గీసే బడ్జెట్ లేదంటారా? అప్పుడు పనికి ఒక ప్రయోజనం చేర్చండి. "గడి 7కి చేరు" అనేదానికన్నా "చీకట్లో చిక్కుకున్న పడవకు దీపం వెలిగించు" అనేది ఎక్కువమందిని పట్టి ఉంచుతుంది. కోడ్‌ను కోడ్ కోసం ఇష్టపడేవాళ్లు ఎలాగూ ఆడతారు. దానితో ఏం సాధించవచ్చో చూశాక ఇష్టపడేవాళ్లు రెండో రకం. వాళ్లను మన గేమ్స్ తరచుగా పోగొట్టుకుంటాయి. యుద్ధం కథ పూర్తిగా తీసేయాలని నేననను. అదొక్కటే దారిగా ఉండకూడదంటాను.

## గేమ్ మాట్లాడే భాష

తెలుగులో సందేశాలు రాస్తుంటే ప్రతి క్రియలోనూ లింగం వచ్చిపడుతోంది. ఏం చేయాలి?

ఇంగ్లీషు గేమ్‌ను తెలుగులోకి తెచ్చేటప్పుడు అందరూ బోల్తాపడేది ఇక్కడే. ప్రథమ పురుష ఏకవచనంలో మన క్రియ విడిపోతుంది: గెలిచాడు, గెలిచింది. అనువాదం చేసేవాళ్లు చేతికొచ్చిన "గెలిచాడు" రాసేస్తారు. దాంతో గేమ్ ఆడే ప్రతి అమ్మాయీ వంద తెరలమీద మగపిల్లాడైపోతుంది.

మందు మన వ్యాకరణంలోనే ఉంది. "నేను గెలిచాను", "నువ్వు గెలిచావు", "మీరు గెలిచారు" వీటిలో ఎక్కడా లింగం లేదు. కాబట్టి ఆడేవారితో నేరుగా మాట్లాడండి. పక్కవారి గురించి చెప్పాల్సి వస్తే బహువచనం వాడండి, ఏకవచనంలో విడిపోయిన స్త్రీ పురుషులు బహువచనంలో కలిసిపోతారు: "గెలిచారు" ఇద్దరికీ సరిపోతుంది, మర్యాదగానూ ఉంటుంది. చిన్నపిల్లల గేమ్‌లో అంత మర్యాద బిగుసుకుపోయినట్టుందనిపిస్తే క్రియ లేకుండా రాయండి: "ఈ రౌండ్‌లో గెలుపు:" అని పెట్టి పక్కన పేరు వేయండి.

నామవాచకాలు కూడా వెతికి పట్టుకోవాలి. ఆటగాడు బదులు ప్లేయర్, నాయకుడు బదులు లీడర్, ఒకడు బదులు ఒకరు. విజేత, పోటీదారు లాంటివి ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి. "మొనగాడివి!" అన్న మెచ్చుకోలును "భలే!", "శెభాష్!" చేయండి. పాత్రల సంభాషణల్లో "చూడరా", "ఆగరా" అనేవి ఎంత సహజంగా దొర్లుతాయో చెప్పలేను. ఆ చివరి "రా" అమ్మాయిని ఆటలోంచి బయటికి నెట్టేస్తుంది. "చూడు", "ఆగు" అంటే చాలు.

రోబో "వెళ్లాడు" అనాలా, "వెళ్లింది" అనాలా?

వస్తువుకి మన భాషలో "వెళ్లింది" సహజం, అలాగే ఉంచండి. చిక్కు ఎక్కడంటే, రోబో మాట్లాడటం మొదలుపెట్టాక, తెలివి చూపించాక, రాసేవాళ్ల చేతిలో అది తెలియకుండానే "వెళ్లాడు" అయిపోతుంది. మొద్దుగా ఉన్నప్పుడు "ది", తెలివి వచ్చాక "డు"! నేను చూసిన ఒక స్క్రిప్టులో మూడో లెవెల్ దాకా "రోబో ఆగింది", నాలుగో లెవెల్ నుంచి "రోబో ఆలోచించాడు" అని ఉంది. రాసినవారికి కావాలని చేసిన తప్పు కాదది, చూపించగానే నొచ్చుకుని దిద్దుకున్నారు. తేలికైన ఉపాయం, రోబోచేత తన మాటల్లోనే చెప్పించడం: "మూడు అడుగులు వేశాను, ముందు గోడ ఉంది, ఇప్పుడేం చేయను?" టైప్ చేయకుండా ఒకదానికొకటి అతికించే ఆజ్ఞల బ్లాకుల్లో ఈ ఇబ్బందే లేదు. "కుడికి తిరుగు", "పది సార్లు చెయ్యి" అన్నప్పుడు లింగం అడ్డురాదు.

తప్పు కోడ్ రాసినప్పుడు ఏమని చెప్పాలి?

ఏం జరిగిందో చెప్పండి, ఎవరు చేశారో కాదు. "నువ్వు తప్పు చేశావు" అనే బదులు "పడవ నాలుగో మలుపు దగ్గర ఆగిపోయింది, అక్కడి ఆజ్ఞ చూడు" అనండి. ఎర్ర రంగు, చెవులు చిల్లులుపడే బజర్ వద్దు. ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్న పిల్లలు ఒక్క ఎర్రర్‌ను కూడా "నాకు చేతకాదు" అన్న తీర్పుగా తీసుకుంటారు, ఉన్నవాళ్లు "గేమ్‌లో ఏదో లోపం" అనుకుని మళ్లీ నొక్కుతారు. అదే తప్పు, అదే సందేశం, అందేది మాత్రం వేరు. మెచ్చుకోలు సంగతీ ఇంతే. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, "నీకు చాలా తెలివుంది" అని పొగడ్త విన్న పిల్లలు కష్టమైన పజిల్ ఎదురవగానే త్వరగా వెనక్కి తగ్గారు, శ్రమను మెచ్చుకుంటే నిలబడ్డారు. కాబట్టి "నువ్వు జీనియస్!" బదులు "మూడోసారికి బగ్ ఎక్కడుందో పట్టేశావు" అని రాయండి.

## ఆట నడక

టైమర్, లీడర్‌బోర్డ్ తీసేయాలా?

టైమర్‌ను మొదటి పాఠాల్లోంచి తీసేయండి, ఈ విషయంలో నాకు సందేహం లేదు. ప్రోగ్రామింగ్ అంటే ఆగి ఆలోచించడం. గడియారం పెట్టి మనం నేర్పేది గబగబా ఊహించి నొక్కడం. ఇదివరకే కోడ్ తెలిసినవాళ్లకు మాత్రం అది లాభం. కావాలనుకున్నవాళ్లకు వేగం పోటీని విడి మోడ్‌గా ఇవ్వండి.

ఎవరు ముందున్నారో పేర్ల వరసలో చూపే లీడర్‌బోర్డ్ విషయం కాస్త చిక్కు. పైన పదిమందికి అది ఉత్సాహం, కింద ఇరవైమందికి రోజూ చూసే ఓటమి. తరగతిలో పేర్లతో గోడమీద ప్రొజెక్టరేస్తే ఇంకా కష్టం. నిన్నటి తనతో ఇవాళ్టి తనను పోల్చే పట్టీ పెట్టండి. లేదంటే తరగతి మొత్తం కలిసి ఒక లక్ష్యం చేరే పట్టీ. పోటీయే కావాలంటే ఒకే కొలమానం వద్దు: తక్కువ బ్లాకులతో చేసినవారు, అందరికన్నా వింత పరిష్కారం కనుక్కున్నవారు, ఎదుటివారి బగ్ పట్టినవారు. అప్పుడు పట్టీ పైన ప్రతి వారం వేరే పేరు కనబడుతుంది.

కొందరు కనబడ్డ బటన్లన్నీ నొక్కేస్తారు, కొందరు కదలకుండా కూర్చుంటారు. ఎవరికి తగ్గట్టు చేయాలి?

ఇద్దరికీ. కంప్యూటర్ శాస్త్రవేత్త మార్గరెట్ బర్నెట్ బృందం స్ప్రెడ్‌షీట్లు సరిచేసేవాళ్లను గమనించి చూసింది: సగటున మగవాళ్లు ఎక్కువగా నొక్కి చూశారు, కానీ ఆగకుండా నొక్కుతూ పోవడం కొన్నిసార్లు వాళ్ల పనినే చెడగొట్టింది. ఆడవాళ్లు తక్కువసార్లు ప్రయత్నించినా ఆ ప్రయత్నాలు బాగా ఉపయోగపడ్డాయి. మన గేమ్స్ మాత్రం మొదటి రకం వాళ్లకే కట్టి ఉంటాయి: "నొక్కి చూడు, అదే తెలుస్తుంది!" రెండో రకం వాళ్లకు ముందు రెండు భరోసాలు కావాలి. ఒకటి, ఇది నొక్కితే ఏమవుతుందో ఒక్క వాక్యం. రెండు, నచ్చకపోతే వెనక్కి తీసుకునే బటన్, ఎప్పుడూ ఒకేచోట, పెద్దగా. ప్రాణాలు మూడే ఉన్నాయని హృదయాల గుర్తులు చూపించే గేమ్‌లో ఎవరు ధైర్యంగా ప్రయోగం చేస్తారు? మొదటి రకం పిల్లలకూ ఒక మేలు చేయండి: కోడ్ నడిపే ముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడగండి. ఆ ఒక్క క్షణం ఆగడంతో వాళ్లకు చదువు ఒంటబడుతుంది.

త్రీడీ ప్రపంచం పెడితే ఆకర్షణీయంగా ఉంటుంది కదా?

ఉంటుంది. కానీ కెమెరా తిప్పుతూ నడవడం వేరే విద్య, అది వీడియో గేమ్స్ ఆడి అలవాటైనవాళ్లకే వస్తుంది. టొరొంటో విశ్వవిద్యాలయంలో 2007లో జరిగిన అధ్యయనంలో, పది గంటలపాటు ఒక యాక్షన్ గేమ్ ఆడించాక, త్రిమితీయ ఆకారాలను మనసులో తిప్పి చూసే పరీక్షలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తేడా బాగా తగ్గింది. ఆ నైపుణ్యం అలవాటుతో వస్తుందన్నమాట. మరి లూప్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లను, ఆ అలవాటు లేదని కెమెరా దగ్గరే ఎందుకు ఓడించాలి? త్రీడీయే కావాలంటే కెమెరాను గేమే నడపాలి.

## పాఠం

కథలూ బొమ్మలూ ఎక్కువైతే అసలు ప్రోగ్రామింగ్ పలచబడదా?

ఈ భయం చాలామంది టీచర్లకుంది. దీనికి మంచి జవాబు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కేట్లిన్ కెలెహర్ చేసిన పని. అక్కడి ఆలిస్ అనే త్రీడీ ప్రోగ్రామింగ్ సాధనానికి ఆమె కథ చెప్పే రూపం తయారుచేశారు: పాత్రలు మాట్లాడతాయి, నడిచి వెళ్లి కూర్చుంటాయి, సన్నివేశాలు మారతాయి. మామూలు ఆలిస్‌తో పోల్చి, 2007లో ఫలితాలు ప్రచురించారు. కథల రూపం వాడిన బాలికలు ప్రోగ్రామింగ్ మీద 42 శాతం ఎక్కువ సమయం గడిపారు. విరామంలో కూడా దొంగచాటుగా తమ ప్రోగ్రామ్ దగ్గరకు వెళ్లినవాళ్లు 51 శాతం, మామూలు ఆలిస్ వాడినవాళ్లలో అది 16 శాతం. నేర్చుకున్న పాఠం మాత్రం రెండు గుంపుల్లోనూ సమానమే. అంటే కథ వల్ల పాఠం తగ్గలేదు, మళ్లీ వచ్చి కూర్చోవాలన్న కోరిక పెరిగింది. ఈ అధ్యయనం బాలికల మీదే జరిగింది కాబట్టి, అబ్బాయిలకు కథ పట్టదని దీన్నిబట్టి ఎవరూ అనలేరు.

ఎందుకిలా పనిచేస్తుందో ఆలోచిస్తే నాకు తోచేది ఇది. రెండు పాత్రలు ఒకేసారి కదలాలంటే పిల్లలకు సమాంతరంగా నడిచే కోడ్ అవసరమవుతుంది. ఒకరి మాట పూర్తయ్యాకే రెండోవారు మాట్లాడాలంటే వరుస అవసరమవుతుంది. అదే వీడ్కోలు మూడు సన్నివేశాల్లో రావాలంటే ఫంక్షన్ (ఒకసారి రాసి పేరుపెట్టి, కావాల్సినచోటల్లా పిలిచే కోడ్) అవసరమవుతుంది. టీచర్ చెప్పకముందే పిల్లలు దాన్ని అడుగుతారు.

కొందరికి కోడ్ ముందే వచ్చు, కొందరికి మౌస్ కొత్త. ఒకే గేమ్ ఎలా సరిపోతుంది?

కార్నెగీ మెలన్‌లోనే జేన్ మార్గొలిస్, అలన్ ఫిషర్ విద్యార్థులతో ఏళ్లపాటు మాట్లాడి, ముందస్తు అనుభవాన్ని ప్రతిభగా పొరబడటమే అమ్మాయిల్ని వెనక్కి నెడుతోందని గుర్తించారు. అక్కడ ప్రవేశ విధానం మార్చారు, అనుభవాన్ని బట్టి వేర్వేరు తొలి కోర్సులు పెట్టారు. కంప్యూటర్ సైన్స్‌లో చేరేవాళ్లలో మహిళలు 1995లో 7 శాతం, 2000 నాటికి 42 శాతం. గేమ్‌లో ఇది ఇలా కుదురుతుంది: మొదట్లో చిన్న పజిల్ ఇచ్చి, చేతనైనవాళ్లను ముందు లెవెల్‌కి దాటించండి. ఆ దాటడాన్ని బహుమతిలా ఊరేగించకండి. మొదటి లెవెల్‌లో ఉన్నవాళ్ల తెర "చిన్నపిల్లల" తెరలా కనబడకూడదు.

బ్లాకులు మంచివా, టైప్ చేసే కోడ్ మంచిదా?

మొదలుపెట్టడానికి బ్లాకులు. 2007లో బ్లాకులతో ప్రోగ్రామ్ రాసే స్క్రాచ్ వచ్చినప్పటినుంచీ కోట్లమంది పిల్లలు వాటితోనే మొదలుపెట్టారు. సెమికోలన్ మర్చిపోయి అవమానపడే అవకాశం ఉండదు. అయితే బ్లాకుల మోడ్‌కు "ఈజీ" అని, టైపింగ్‌కు "ప్రో" అని పేరు పెట్టకండి. ఈజీ అని రాసి ఉంటే, అది కూడా రాకపోతే ఏమనుకోవాలి?

## పరీక్షించేటప్పుడు

ఎవరితో ఆడించి చూడాలి?

గేమ్స్ క్లబ్‌లో దొరికే పిల్లలతో కాదు, వాళ్లు ఎలాగూ ఆడతారు. గేమ్స్ ఇష్టంలేదని చెప్పే పిల్లల్ని పిలవండి. ఒక్కో విడతకు ఐదారుగురు చాలు, కానీ ఎక్కువ విడతలు జరపండి. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి ఒకసారి, విడిగా ఒకసారి చూడండి. కలిసి ఉన్నప్పుడు నోరు మెదపని పిల్ల విడిగా ఉన్నప్పుడు మీ గేమ్‌లోని లోపాలన్నీ వరసగా చెప్పడం నేను ఎన్నోసార్లు చూశాను. "నచ్చిందా?" అని అడగకండి, పిల్లలు మర్యాదకు అవునంటారు. పక్కన కూర్చుని, చెయ్యి ఎక్కడ ఆగిందో రాసుకోండి.

జెండర్‌మ్యాగ్ అంటే ఏమిటి? గేమ్స్‌కి పనికొస్తుందా?

అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ బర్నెట్, ఆమె సహచరులు రూపొందించిన తనిఖీ పద్ధతి ఇది. 2016లో ప్రచురించారు. మనుషులు సాఫ్ట్‌వేర్ వాడే తీరులో ఐదు విషయాలు చూస్తుంది: ఎందుకు వాడుతున్నారు, సమాచారాన్ని ఎలా చదువుతారు, తమమీద తమకెంత నమ్మకం, రిస్కు తీసుకుంటారా, కొత్తది ఎలా నేర్చుకుంటారు. ఈ గుణాలతో అబీ, ప్యాట్, టిమ్ అని ముగ్గురు ఊహా వ్యక్తులుంటారు. గేమ్‌లో ఒక్కో అడుగు దగ్గర ఆగి, "అబీకి ఇక్కడ ఏం చేయాలో తెలుస్తుందా? చేశాక సరైన దారిలో ఉన్నానని తెలుస్తుందా?" అని అడుగుతూ పోవాలి. గేమ్స్‌కి బాగా పనికొస్తుంది, ముఖ్యంగా మొదటి పది నిమిషాల ఆటకు. అబీ అంటే "అమ్మాయి" అనుకోవద్దు. అది కొన్ని అలవాట్ల మూట, ఆ అలవాట్లున్న అబ్బాయిలు చాలామంది ఉన్నారు. అబీ కోసం దిద్దినవి వాళ్లకూ మేలు చేస్తాయి.

ఆడేవారి లింగం అడిగి డేటా దాచుకోవాలా?

ఉత్త కుతూహలానికైతే వద్దు. తేడాలు కొలవాలనుకుంటే ఆట చివర అడగండి, ఎందుకో చెప్పండి, "చెప్పను" అనే వీలివ్వండి, ఖాళీ గడిలో సొంతంగా రాసుకోనివ్వండి. చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. విశ్లేషణలో సగటు మార్కులతో ఆగిపోకండి, ఎవరు ఏ లెవెల్లో ఆట వదిలేశారో చూడండి. చివరిదాకా ఉన్నవాళ్ల మార్కులు సమానంగానే ఉండొచ్చు. ఏడో లెవెల్లో నిశ్శబ్దంగా వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలోనే ఉండరు.

## తరగతిలో, విడుదల తర్వాత

ఇద్దరిద్దరిని కూర్చోబెడితే మౌస్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటోంది. ఎలా?

టీచర్ గద్దించి లాభం లేదు, గేమే ఆ పని చూసుకోవాలి. కొన్ని నిమిషాలకోసారి ఆట తనంతట తాను ఆగి "ఇప్పుడు చేతులు మార్చండి" అనాలి. ఇంకా మంచి పద్ధతి, సమాచారాన్ని పంచడం: ఒకరి తెరమీద మ్యాప్, రెండోవారి తెరమీద బ్లాకులు. మాట్లాడుకోకుండా ముందుకు వెళ్లలేరు. జంటగా ప్రోగ్రామ్ రాసే పద్ధతి కాలేజీ మొదటి కోర్సుల్లో అమ్మాయిలకు ధైర్యాన్ని పెంచిందని పరిశోధనలున్నాయి, కానీ అది పాత్రలు మారుతుంటేనే. లేకపోతే ఒకరు ప్రోగ్రామ్ రాస్తారు, మరొకరు చూస్తారు.

గేమ్ బాగానే ఉంది, ల్యాబ్‌లోకి రావడానికే అమ్మాయిలు జంకుతున్నారు.

గది చూడండి. సప్నా చెర్యన్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో గదిలోని వస్తువులు మాత్రమే మార్చారు: ఒకసారి సైన్స్ ఫిక్షన్ పోస్టర్లు, వీడియో గేమ్ పెట్టెలు, ఇంకోసారి ప్రకృతి దృశ్యాలు, మామూలు పుస్తకాలు. మొదటి గదిలో కూర్చున్న మహిళలకు కంప్యూటర్ సైన్స్ మీద ఆసక్తి తక్కువగా కనిపించింది. ఎవరూ వాళ్లతో ఏమీ అనలేదు, పోస్టర్లే చెప్పాయి. మీ గేమ్ మొదటి తెర కూడా ఒక గదే.

పిల్లలు ఒకరి ప్రోగ్రామ్‌ల మీద ఒకరు వ్యాఖ్యలు రాసుకోనివ్వొచ్చా?

చూసుకునే పెద్దవాళ్లుంటేనే. లేకపోతే ముందే రాసి ఉంచిన వాక్యాల్లోంచి ఎంచుకోనివ్వండి: "ఇది ఎలా చేశావు?", "నేను దీన్ని మార్చి చూశాను". ప్రశ్న అడిగే వాక్యాలు ఎక్కువ పెట్టండి. ఒకరి ప్రోగ్రామ్ తీసుకుని మార్చితే అసలు రాసినవారి పేరు దానంతటదే కనబడాలి.

అబ్బాయిలు "ఇది అమ్మాయిల గేమ్" అని వెక్కిరిస్తే?

సమర్థించుకోకండి. "ఇందులో తొమ్మిదో లెవెల్ ఎవరు దాటారు?" అని అడిగి ఆటలోకి దింపండి. వెక్కిరింత ఆగకపోతే మాత్రం మృదువుగా వదిలేయొద్దు, అప్పటికప్పుడే అభ్యంతరం చెప్పండి. అది విన్న అమ్మాయిలు టీచర్ ఏమంటారోనని చూస్తుంటారు.

యాప్ స్టోర్‌లో వివరణ ఎలా రాయాలి?

"చురుకైన బుర్రల కోసం", "బాల మేధావులకు సవాల్" లాంటి మాటలు కొట్టేయండి. లిన్ బియన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ 2017లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఆరేడేళ్ల పిల్లలకు రెండు కొత్త ఆటలు పరిచయం చేశారు. ఒకటి "చాలా చాలా తెలివైన పిల్లలకు", రెండోది "చాలా చాలా కష్టపడే పిల్లలకు" అన్నారు. మొదటిదానిమీద అమ్మాయిల ఆసక్తి అబ్బాయిలకన్నా తక్కువగా ఉంది, రెండోదానిమీద తేడా లేదు. ఒక్క విశేషణంతో ఆరేళ్ల పిల్ల పక్కకు తప్పుకుంది. కాబట్టి గేమ్‌లో ఏం చేయవచ్చో రాయండి: "పడవకు దారి చెప్పండి. దారి తప్పితే మార్చి మళ్లీ చెప్పండి. కోడ్ ఇంతకుముందు చూడకపోయినా మొదలుపెట్టవచ్చు." కింద పెట్టే బొమ్మలో ఇద్దరు పిల్లలుంటే, కీబోర్డు మీద ఎవరి చేతులున్నాయో ఒకసారి చూసుకుని అప్పుడు అప్‌లోడ్ చేయండి.